అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి

బాప్తిస్మం అంగీలు నీళ్ళలో తేలతాయి. మనిషి తొట్టెలోకి దిగగానే గుడ్డ చుట్టూ పైకి లేచి గొడుగులా విచ్చుకుంటుంది. అలా కాకుండా అంచు మడతలో సీసం ముక్కలు పెట్టి కుట్టాలి. ఆ సంఘంలో ఆ పని ఒకామెది. ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది కాబట్టి అంగీలు కుట్టడం, ఉతకడం, ఇస్త్రీ చేయడం అన్నీ ఆమె మీదే పడ్డాయి. ఎవరూ అప్పగించలేదు. ఎవరూ వద్దనలేదు.

కొత్తగా ఎవరైనా బాప్తిస్మం తీసుకుంటుంటే పాస్టరు గారి భార్య ఫోన్ చేసి కొలతలు చెప్పేది. ఈసారి పాస్టరే లాండ్రీకి వచ్చాడు.

లాండ్రీ ఆస్పత్రి కింది అంతస్తులో ఉంటుంది. ఒక పక్క బాయిలరు గది, ఇంకో పక్క శవాల గది. పాస్టరు వచ్చేసరికి ఆమె, రేడియో కలిసి దుప్పట్లు మడత పెడుతున్నారు. రేడియో అంటే పనిలో ఆమెకి జంటగా ఉండే మనిషి. ఆ పేరు పెట్టింది బాయిలరు మేస్త్రి. షిఫ్టులో అడుగు పెట్టిన దగ్గర్నుంచి దిగేదాకా రేడియో నోరు ఆగదు. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి లాగాలి, దగ్గరికి నడిచి కొసలు కలపాలి, మళ్ళీ వెనక్కి నడవాలి. మాట్లాడుకోవడానికి వీలైన పని.

"అక్కా, మీ అయ్యగారు," అంది రేడియో. "ఎవరైనా పోయారేమో."

"పోతే పక్క గదికి వెళ్తాడు. ఇక్కడికెందుకు వస్తాడు."

పాస్టరు డ్రయ్యరు పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

"మీరు పని ఆపకండమ్మా. మడతపెట్టుకుంటూనే వినండి. వచ్చే ఆదివారం నలుగురు దిగుతున్నారు. ముగ్గురికి ఉన్న అంగీలు సరిపోతాయి. నాలుగో ఆయనకి కొత్తది కావాలి."

"కొలతలు చెప్పండి."

"మీ అన్నయ్య."

ఆమె దుప్పటి వదల్లేదు. అటువైపు రేడియో చేతుల్లోదే కొంచెం జారింది.

"గట్టిగా పట్టుకోవే," అంది ఆమె.

పాస్టరు చెప్పాడు. అన్నయ్య కొన్ని నెలలుగా మందిరానికి వస్తున్నాడు. ఆఖరి వరసలో కూర్చుంటాడు. చివరి పాట అందుకోకముందే వెళ్ళిపోతాడు. గిడ్డంగిలో తనతో పనిచేసే సంఘస్థుడు మొదట తీసుకొచ్చాడు. చెల్లెలిది ఇదే సంఘమని తమకి రెండో వారం తెలిసింది.

"తెలిసీ చెప్పలేదా మీరు?"

"చూస్తే మానేస్తారని భయపడ్డాడు."

"ఎవరు మానేస్తారని? తనా, నేనా?"

"మీరే."

ఆమె మడత పూర్తి చేసి దొంతర మీద పెట్టింది. ఇంకో దుప్పటి తీసింది.

"తాగుడు మానేశాడమ్మా. పాపాలన్నీ ఒప్పుకున్నాడు."

"ఎవరి దగ్గర?"

"దేవుడి దగ్గర. నా దగ్గర కూడా."

"వ్యాను సంగతి చెప్పాడా?"

"నా దగ్గర చెప్పుకున్నది నేను బయట చెప్పకూడదు."

"నా సంగతి నాకే చెప్పకూడదా?"

పాస్టరు నేల వంక చూశాడు. చెడ్డవాడు కాదు. అబద్ధం ఆడితే ఈ గదిలోంచి త్వరగా బయటపడొచ్చని తెలిసినా ఆడలేదు.

"అమ్మా, ఒకసారి క్షమించాక దేవుడు ఆ పాపాన్ని మళ్ళీ తలుచుకోడు. నడిసముద్రంలో పారేసినట్టే. ఇంక వెతికినా దొరకదు. మీరు నమ్మేది కూడా అదే కదా."

"నమ్ముతాను. దేవుడు మరిచిపోతాడు. అన్నయ్య కడిగేసుకుంటాడు. ఇంక గుర్తున్నది ఎవరికి?"

పాస్టరు కొలతలు రాసిన కాగితం ఇస్త్రీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమెకి ఒక కొడుకు ఉండేవాడు. ఐదో ఏడు నడుస్తుండగా పోయాడు. ఇంట్లో, వీధిలో అందరూ వాణ్ణి పిడుగు అని పిలిచేవాళ్ళు. కొళాయిలు విప్పేవాడు. పక్కింటి కోళ్ళని తమ ఇంట్లో కట్టేసేవాడు. అన్నయ్య ఒక పరుపుల దుకాణానికి వ్యాను నడిపేవాడు. ఒక ఎండాకాలం సాయంత్రం ఆ వ్యాను ఇంటి ముందు ఆగింది. అన్నయ్య వెనక తలుపు తీసి కేకపెట్టాడు. లోపల పరుపుల మధ్య పిడుగు ఉన్నాడు. అప్పటికే ఊపిరి లేదు.

అన్నయ్య పోలీసులకి చెప్పింది ఇదీ: మధ్యాహ్నం తను ఇంట్లో భోజనం చేస్తుంటే వీధిలో ఆడుకునే పిల్లాడు వ్యాను ఎక్కేసి ఉంటాడు. తలుపు గాలికి మూసుకుని గడియ దానంతటది పడి ఉంటుంది. తను చూసుకోకుండా నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. వీధి వీధంతా నమ్మింది. పిడుగు కదా, ఎక్కే ఉంటాడు అన్నారు. ప్రమాదమని తేల్చారు.

ఆమె నమ్మలేదు. వ్యాను నేల పిల్లాడి గడ్డం దాకా వచ్చేది. ఎవరో ఒకరు ఎత్తితేనే ఎక్కేవాడు. ఆ గడియ సంగతీ ఆమెకి తెలుసు. ఇల్లు మారినప్పుడు సామాను అందులోనే తెచ్చారు. హ్యాండిలు పైకెత్తి, తలుపుని భుజంతో కొట్టి, చేత్తో కిందికి దించాలి. గాలికి పడే గడియ కాదు. చెప్పింది. అన్నయ్య ఏడుస్తున్నాడు, అమ్మ మంచం పట్టింది, ఆమె మాట ఎవరికీ పట్టలేదు. భర్త మాత్రం ఒక మాట పట్టుకున్నాడు. ఆ రోజు ఆమె ఎవరికో బదులు రెండో షిఫ్టు చేసింది.

"పిల్లాడు ఎలాంటి వాడో తెలిసి వీధిలో వదిలేసి పోతావా?" అన్నాడు. ఆ ఏడాదంతా అదే మాట అన్నాడు. తర్వాత వేరే ఊరు బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయాడు. అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అమ్మ అంత్యక్రియల తర్వాత అన్నయ్యతోనూ మాటలు పోయాయి. అప్పట్నుంచి ఆమె ఒక్కతే ఉంటోంది. ఇంట్లో దుప్పటి మడతపెట్టడానికి గోడకి రెండు కొక్కేలు కొట్టుకుంది. రెండు కొసలు వాటికి తగిలించి రెండు కొసలు తను పట్టుకుంటుంది.

"నన్నడిగితే," అంది రేడియో, టీ తాగుతూ, "నువ్వా అంగీకి సీసం పెట్టకు."

"ఆఁ?"

"దిగగానే గుడ్డ పైకి లేస్తుంది. సంఘమంతా చూస్తుంది. అంతకంటే ఏం చేయగలం మనలాంటి వాళ్ళం?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆ వారంలో అదే మొదటిసారి.

"పాపం పాస్టరు గారు కూడా చూడాలి కదే."

"ఆయన కళ్ళు మూసుకునే కదా ప్రార్థన చేసేది." రేడియో గ్లాసు కడిగి బోర్లించింది. "అయినా మీ దేవుడు మంచోడేలే. మా ఆయన నేను పదేళ్ళ కిందట కూరలో ఉప్పు మరిచిపోయిన సంగతి ఇప్పటికీ చెబుతాడు. మీ దేవుడేమో ఎవరైనా మనిషిని చంపినా మరిచిపోతాడు. నాకే అర్థం కాదు, అందులో ఏది మంచిదో."

"నాకూ అర్థం కావడం లేదు."

"మరి నువ్వేం చేస్తావు?"

ఆమె తన గ్లాసు కూడా కడిగి బోర్లించింది. ఏం చేయొచ్చో ఆమెకి తెలుసు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. మనిషిని ముంచే ముందు సంఘపెద్ద లేచి, ఈ వ్యక్తిని చేర్చుకోవడానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెయ్యెత్తి చెప్పండి, లేకపోతే ఊరుకోండి, అని అడుగుతాడు. ఒక్క చెయ్యి లేచినా ఆపి, విచారించాలి. మందిరం కట్టిన వాళ్ళు పెట్టిన నియమం. ఆమెకి తెలిసి ఒకే ఒక్కసారి చెయ్యి లేచింది. సంఘపెద్ద కంగారుగా, "చెప్పండి తాతా, ఏమిటి మీ అభ్యంతరం?" అంటే, ఆ ముసలాయన, "ఫ్యాను ఆపండి, చెవి పోటు" అన్నాడు. ఇప్పుడు ఆ ప్రశ్నని సంఘపెద్ద గుక్కతిప్పుకోకుండా అడిగేసి, జవాబుకి ఆగకుండానే కూర్చుంటున్నాడు.

ఆమె అంగీ కుట్టింది. ఛాతీ కొలత చూసి ఒకసారి ఆగింది. అన్నయ్య ఎప్పుడూ అంత సన్నం కాదు. కాగితం మళ్ళీ చూసుకుని, ఆ కొలతకే కత్తిరించింది. అంచులో సీసం పెట్టింది. అన్ని అంగీలకీ ఎన్ని పెడుతుందో దీనికీ అన్నే పెట్టింది.

కుడుతున్నంతసేపూ ప్రార్థన చేయడానికి ప్రయత్నించింది. మాట రాలేదు. అన్నయ్యని క్షమించొద్దని అడగడానికి ఆమెకి నోరు రాదు. క్షమించమని అడగడానికీ రాలేదు. ఆమె బాధ అది కాదు కూడా. అన్నయ్య తప్పు దేవుడు తుడిచేస్తే, పిడుగు మీద మోపిన తప్పు ఎవరు తుడుస్తారు? వాడు ఎక్కలేదని ఏ కాగితంలోనూ లేదు. వాడే ఎక్కాడని అన్ని నోళ్ళలోనూ ఉంది. అన్నయ్య నీళ్ళలోంచి లేచి కొత్త మనిషి అవుతాడు. పిల్లాడు మాత్రం చెప్పిన మాట వినక చచ్చిపోయినవాడిగానే ఉండిపోతాడు.

ఆదివారం వేదిక మీది చెక్కలు తీశారు. కింద తొట్టె ఉంది. ముందు రోజే గొట్టం పెట్టి నింపారు. మొదటి ముగ్గురూ దిగారు, మునిగారు, లేచారు. ప్రతిసారీ సంఘపెద్ద అడిగాడు. ప్రతిసారీ ఎవరూ పలకలేదు.

అన్నయ్య నాలుగోవాడుగా మెట్లు దిగాడు. ముందు వరసలో కూర్చున్న ఆమె అప్పుడే చూసింది. జుట్టు తెల్లబడింది. అంగీ భుజాల దగ్గర సరిపోయింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఆమె వైపు చూడలేదు.

"ఈ సహోదరుణ్ణి చేర్చుకోవడానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెయ్యెత్తి చెప్పండి, లేకపోతే ఊరుకోండి," అని సంఘపెద్ద కూర్చోబోయాడు.

ఆమె చెయ్యెత్తింది.

సంఘపెద్ద సగం కూర్చున్నవాడు మళ్ళీ లేచాడు. ఫ్యాను వైపు చూశాడు. తర్వాత పాస్టరు వైపు చూశాడు.

"చెప్పండమ్మా," అన్నాడు పాస్టరు. ఆయనా నీళ్ళలోనే ఉన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "ముంచొద్దని కాదు. ముంచే ముందు ఒకటి చెప్పమనండి. మా పిల్లాణ్ణి వ్యాను ఎవరు ఎక్కించారో చెప్పమనండి. నీళ్ళలోంచి లేచాక అది ఉండదంటున్నారు కదా. ఉండగానే ఒకసారి చెప్పమనండి."

వెనక కుర్చీలు కదిలాయి. సంఘపెద్ద గొంతు తగ్గించి అన్నాడు, "అమ్మా, ఇవన్నీ ఇక్కడెందుకు? లేనిపోనిది. పోలీసుల దాకా పోతుంది."

"పోతే పోనివ్వండి అయ్యా," అన్నాడు అన్నయ్య. "నేను చెబుతాను."

పాస్టరు అన్నయ్య భుజం మీద పెట్టిన చెయ్యి తీసేశాడు.

"వాడు ఎక్కలేదు," అన్నాడు అన్నయ్య. "నేనే ఎక్కించాను. వీధి చివర ఆడుకుంటున్నాడు. మామయ్యా, నేనూ వస్తా అన్నాడు. ముందు సీట్లో నా స్నేహితుడున్నాడు. అందుకని వాణ్ణి ఎత్తి వెనకాల పరుపుల మీద కూర్చోబెట్టాను. వాడికి గెంతడం ఇష్టం. బారు ముందు ఆపాం. ఇప్పుడే వస్తా అన్నాను. గడియ పెట్టాను."

"దానంతటది పడిందన్నావు."

"పడలేదు చెల్లీ."

"ఎలా పెట్టావో చెప్పు."

"హ్యాండిలు పైకెత్తి, తలుపు కొట్టి, కిందికి దించాను. ఈ చేత్తోనే." నీళ్ళలోంచి కుడిచెయ్యి తీసి చూపించాడు. "బయటికొచ్చేసరికి పొద్దు వాలింది. దారిలో తలుపు తీసి చూశాను. అయిపోయింది. నా స్నేహితుడు ఏమీ చూడనట్టు అక్కడే దిగిపోయాడు. ఇంటి ముందుకు తెచ్చి, అప్పుడే చూసినట్టు అరిచాను."

"ఇంకా?" అంది ఆమె.

ఇంకేదో ఉందని ఆమెకి తెలియదు. మాట వరసకి అడిగింది. అన్నయ్య నీళ్ళ వైపు చూశాడు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

"తలుపు కొంచెం తీసి ఉంచు మామయ్యా అన్నాడు. తీస్తే పారిపోతావురా పిడుగా అన్నాను. పారిపోను, ఒట్టు అన్నాడు. అయినా పెట్టాను."

 ఆమె ముందు కుర్చీ వీపు పట్టుకోబోయింది. ముందు వరస కాబట్టి అక్కడ కుర్చీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మా," అన్నాడు పాస్టరు.

ఆమె వెనక్కి తిరిగి వరసల వైపు చూసింది. "వాడు ఎక్కలేదు. అందరూ విన్నారా?"

"విన్నాం," అని ఎవరో అన్నారు. ఇంకెవరో, "విన్నామమ్మా," అన్నారు.

"నాకు అభ్యంతరం లేదు," అని కూర్చుంది.

పాస్టరు అన్నయ్యని ముంచాడు. అంగీ పైకి లేవలేదు.

తర్వాత జనం ఆమె చుట్టూ చేరారు. దేవుడు నిన్ను గొప్పగా వాడుకున్నాడమ్మా అన్నారు. ఎంత సాక్ష్యం, ఎంత సాక్ష్యం అన్నారు. ఒకావిడ కావలించుకుని ఏడ్చింది. ఆమెకి ఏడుపు రాలేదు. టీకి ఆగలేదు. తలుపు దగ్గర అన్నయ్య తడి అంగీలోనే నిలబడి ఉన్నాడు. కాళ్ళ కింద నీళ్ళు చేరాయి.

"చెల్లీ."

"బట్టలు మార్చుకో. జలుబు చేస్తుంది."

"నన్ను నువ్వు..."

"ఇవాళ్టికి ఇంకేం అడక్కు."

నడిచి ఇంటికొచ్చింది. అన్నేళ్ళూ ఆ మాట ఎవరి నోటైనా పైకి వస్తే చాలనుకుంది. వస్తే తేలికవుతుందనుకుంది. వచ్చింది. అడిగినదంతా వచ్చింది, అడగనిదీ వచ్చింది. అన్నయ్య అది నీళ్ళలో వదిలేసి లేచాడు. వదిలేసింది ఆమెకి అందింది. పారిపోను, ఒట్టు. ఆ మాట వాడు ఎలా అని ఉంటాడో ఆమెకి తెలుసు. ఒట్టు అన్నప్పుడల్లా వాడు గొంతు చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకునేవాడు. ఆ సంగతి అన్నయ్య చెప్పలేదు. చెప్పడానికి అన్నయ్యకి గుర్తుండి ఉండదు.

వంట చేసింది. తినలేదు. సాయంత్రం ఆడపడుచుకి ఫోన్ చేసి ఒక నంబరు అడిగింది. ఆడపడుచు ఎందుకని అడగబోయి, అడక్కుండా ఇచ్చింది.

ఒక అమ్మాయి ఎత్తింది. వెనక టీవీ మోగుతోంది.

"నాన్న ఉన్నారు. ఎవరండీ?"

"పాత ఇంటి వాళ్ళమని చెప్పమ్మా."

ఆయన వచ్చాడు. హలో అన్నాడు. ఆమె, "నేను," అంది. ఆయన గుర్తుపట్టాడు. బావున్నావా అని అడిగాడు. బావున్నానంది.

"ఒక సంగతి చెప్పాలి. వాడు ఎక్కలేదు."

టీవీ మోగుతూనే ఉంది. తర్వాత ఎవరో తగ్గించారు.

"ఎవరు చెప్పారు?"

"అన్నయ్యే. ఇవాళ పొద్దున, మందిరంలో, అందరి ముందూ చెప్పాడు. తనే ఎత్తి ఎక్కించాడట. తనే గడియ పెట్టాడట. వాడి తప్పేం లేదు."

"నీదీ లేదు," అన్నాడాయన. "నిన్ను చాలా మాటలన్నాను."

"అన్నావు."

"ఇప్పుడు ఏమని..."

"ఏమీ అనక్కర్లేదు. నీకు తెలియాలని ఫోన్ చేశాను, అంతే."

పెట్టేయబోయింది.

"ఆగు," అన్నాడు. "వాడేమైనా అన్నాడటా? తలుపు మూస్తుంటే?"

మందిరంలో అందరి ముందూ లేచి నిలబడి, ఇంకా చెప్పమని అడిగిన మనిషి ఆమె. గోడకి ఉన్న కొక్కేల వైపు చూసింది. కిటికీ వైపు చూసింది.

"లేదు," అంది. "పరుపు మీద వాలగానే నిద్రపోయాడట."

"నిద్రలోనేనా?"

"ఊఁ. నిద్రలోనే."

"అయితే భయపడలేదన్నమాట."

"లేదు."

అటువైపు ఆయన ఊపిరి వినిపించింది.  కూతురు పక్కకి వచ్చినట్టుంది. "ఏమైంది నాన్నా? ఎవరు?" అని అడిగింది.

"మీ అన్నయ్య వాళ్ళమ్మ," అన్నాడు.

"ఏ అన్నయ్య?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నీకంటే ముందు ఒకడు ఉండేవాడమ్మా, అన్నాడు. పక్కింటి కోళ్ళన్నీ తెచ్చి మనింట్లో కట్టేసేవాడు, అన్నాడు. ఫోను పెట్టేయడం మరిచిపోయినట్టున్నాడు. ఆమె గుర్తు చేయలేదు.